కెనడా చిత్రకారుడు మార్సెల్ జామా బొమ్మలు ముద్దుగా ఉంటూనే ఎందుకు భయపెడతాయి? ఆ గోధుమరంగు ఎలా వస్తుంది?

మీరు అడిగినవి రెండు. ఎలుగుబంట్లు, నడిచే చెట్లు, గబ్బిలాల వేషాలు పిల్లల పుస్తకంలోంచి దిగొచ్చినట్టు ఉంటే, పక్కనే తుపాకీ, రక్తం ఎందుకని మొదటిది. ఆ పాతకాలపు గోధుమరంగు దేనితో వేస్తాడని రెండోది. రెండోదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు చెప్తాను: రూట్ బీర్. పేరులో బీర్ ఉంది గానీ అది మందు కాదు, ఉత్తర అమెరికాలో తాగే తీపి సోడా. దాన్ని ఇంట్లో తయారుచేసుకోవడానికి చిక్కటి మూలరసం సీసాల్లో అమ్ముతారు. సిరా, వాటర్‌కలర్‌తో పాటు జామా దాన్ని కూడా కుంచెతో పూస్తాడు. మ్యూజియంల వివరాల్లోనూ ఆ బొమ్మల సామగ్రి కింద రూట్ బీర్ పేరు కనిపిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. జామా 1974లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు. 1990లలో వాళ్ల ఇల్లు కాలిపోయి కుటుంబం హోటల్లో ఉన్న రోజుల్లో, గదిలో దొరికిన లెటర్‌ప్యాడ్ కాగితాల మీద బొమ్మలు గీశాడు. 1996లో స్నేహితులతో కలిసి రాయల్ ఆర్ట్ లాడ్జ్ అనే బృందం పెట్టాడు. అందులో ఒకరు మొదలుపెట్టిన కాగితం ఇంకొకరి చేతికి, అక్కడి నుంచి మరొకరికి వెళ్లేది. ఒక బొమ్మలో మూడు సంబంధం లేని సంగతులు పక్కపక్కనే కూర్చోవడం అనే అలవాటు అక్కడ బాగా ముదిరిందని నా అభిప్రాయం.

ఆ తొలి బొమ్మల్లో వెనక ఏమీ ఉండదు. ఆకాశం లేదు, నేల లేదు, గోడ లేదు, మనిషికి నీడ కూడా పడదు. విన్నిపెగ్ మంచుమైదానాలే ఆ తెల్లదనం అని చాలామంది అంటారు. నిజమే కావచ్చు, కానీ మనకు దగ్గర పోలిక తోలుబొమ్మలాట తెర. చోటు, వేళ తెలియనప్పుడు కంటికి పట్టుకోవడానికి మిగిలేది భంగిమ, ముఖం, చేతిలో వస్తువు మాత్రమే.

చూసేటప్పుడు తుపాకీ దగ్గర ఆగిపోకండి, ముఖం చూడండి. కాలుస్తున్నవాడి ముఖంలో కోపం లేదు, పడిపోతున్నవాడి ముఖంలో నొప్పి లేదు. నాట్యం చేస్తున్నవాళ్లకి, చంపుతున్నవాళ్లకి ఒకే సన్నటి గీత, ఒకే మందం, ఒకే మర్యాద. భయం వచ్చేది ఇక్కడి నుంచే, రక్తం నుంచి కాదు. కావాలంటే చిన్న పరీక్ష చేయండి. తుపాకీని వేలితో మూసి చూస్తే స్కూలు వార్షికోత్సవంలో నాటిక వేస్తున్నట్టుంటుంది. ఇప్పుడు తుపాకీ వదిలేసి ముఖాలు మూయండి. మామూలు యాక్షన్ పోస్టర్ అయిపోతుంది. రెండూ కలిసినప్పుడే కడుపులో తిప్పుతుంది.

చాలామంది చేసే తప్పు, ఎలుగుబంటి అంటే ఫలానా, చెట్టు అంటే ఫలానా అని అర్థాల పట్టిక వేసుకోవడం. ఆ పట్టిక రెండో బొమ్మ దగ్గరే తప్పుతుంది. వీధినాటకం బృందంలో ఒకే మనిషి ఓ రాత్రి రాజు, మర్నాడు బంటు అయినట్టే ఇక్కడా ఆ నలుగురైదుగురే వేషాలు మారుస్తారు. 2004లో న్యూయార్క్ వెళ్లాక ఆ బృందం పెరిగి కాగితం కిక్కిరిసింది. ముసుగులు, చుక్కల దుస్తులు, చదరంగం పావులు వచ్చాయి. చదరంగం పిచ్చి ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ ప్రభావం, యుద్ధం బొమ్మల్లో స్పెయిన్ చిత్రకారుడు గోయా కనిపిస్తాడు. ఇటీవలి వాటిలో నీలాలు, సముద్రం, చంద్రుడు ఎక్కువ. అందంగానే ఉంటాయి, కానీ కొత్తగా చూసేవాళ్లు 1990ల చివరి ఒంటరి బొమ్మలతోనే మొదలుపెట్టడం మంచిది. గుంపు బొమ్మల్లో కన్ను అలంకారం మీద జారిపోతుంది.

ఫోన్‌లో చూసేవాళ్లకి ఒక మాట. తొలి బొమ్మలు చాలావరకు 14 అంగుళాలు × 11 అంగుళాలు, అంటే ఏ4 కన్నా పెద్దవి, ఏ3 కన్నా చిన్నవి. వేలెడంత సైజులో ముద్దుదనం మాత్రమే మిగులుతుంది, ముఖాలు పోతాయి. మోమా (న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం) లాంటి మ్యూజియం సైటులో తెరిచి పెద్దది చేసి చూడండి. ఫోన్‌లో కళ్లకు హాయి కోసం పెట్టే పసుపు వెలుతురు మోడ్ ఆపేయండి. అది ఉంటే కాగితమూ గోధుమ పూతా ఒకే రంగులోకి దిగిపోతాయి.

ఆ రంగు మీరే ప్రయత్నించాలంటే రూట్ బీర్ రసం కోసం వెతకక్కర్లేదు, ఇన్‌స్టంట్ కాఫీ చాలు. నిండు టీస్పూను పొడికి 30 మి.లీ. వేడినీళ్లు పోస్తే ముదురు రంగు. దానికి సమానంగా నీళ్లు కలిపితే మధ్యరకం, మూడు రెట్లు కలిపితే లేతది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ కూడా పనికొస్తుంది గానీ మడ్డి లేకుండా బట్టలో వడగట్టాలి. చక్కెర చుక్క కూడా ఉండకూడదు, జిగురు, చీమలు రెండూ వస్తాయి. అందుకే కోలా డ్రింకులతో ప్రయత్నించకండి, రంగు తక్కువ, బంక ఎక్కువ.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న దళసరిది), నున్నటి హాట్ ప్రెస్డ్ రకం తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు తడికి అలలు తిరుగుతుంది. గీతకు నీటికి కరగని సిరా కావాలి: 0.3 మి.మీ. మొన పిగ్మెంట్ పెన్ను గానీ, పాళీతో ఇండియన్ ఇంకు గానీ. ఫౌంటెన్ పెన్ను సిరా వాడితే పూత తగలగానే గీత చుట్టూ నీలిమరక పాకుతుంది. గీశాక కనీసం అరగంట ఆగండి, వానాకాలం అయితే గంట.

పూత ఒకేసారి చిక్కగా వేయకండి. లేతది మూడుసార్లు, మధ్యలో పావుగంట చొప్పున ఆరనిచ్చి వేయండి. చిక్కటి కాఫీ గాలిలో తేమ పీల్చుకుని మెరుస్తూ, బంకగా ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు వానల్లో పక్కపేజీకి అంటుకుపోతుంది కూడా. పూత అంచున ముదురు గీత కడితే తడి ఎక్కువైందని అర్థం. నీరు ఆరుతూ రంగును అంచుకు తోసుకెళ్తుంది, కాబట్టి తడిగా ఉండగానే ఖాళీ కుంచె మొనతో మిగులు నీరు లాగేయాలి. కలిపిన రంగు ఏ రోజుకారోజే, నిలవుంటే బూజు. ఇంకోటి, కాఫీ రంగు వెలుతురుకు పాలిపోతుంది. గోడకు పెట్టే ముందు స్కాన్ చేసి దాచుకోండి. నిలవాల్సిన బొమ్మయితే బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ వాటర్‌కలర్ మేలు.

గోధుమ, మట్టి ఎరుపు, ఆకుపచ్చలో మురికిది, బూడిద, ఈ నాలుగూ దాటకండి. ఎరుపు ఒక్కచోటే. బొమ్మ కుదరకపోవడానికి ఎక్కువగా కారణం కనుబొమ్మలే. వాటిని ఏటవాలుగా గీశారా, కార్టూన్ విలన్ అయిపోయాడు. నోరు చిన్న అడ్డగీత, కనుబొమ్మలు తిన్నగా ఉంచండి. ముందు రక్తం గీసి తర్వాత కథ వెతక్కండి. ముగ్గురు మామూలు పని ఏదో చేస్తున్నట్టు గీసి, చివర్లో ఒకరి చేతిలోని వస్తువు మాత్రం మార్చండి. చీపురు బదులు కత్తి, గొడుగు బదులు తుపాకీ. భంగిమ ముట్టుకోవద్దు.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి రైలు టికెట్ల ఖర్చుతోనే జామా పని ఒకటి చూసే వీలుంది. న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య నడిచే పాత్ (PATH) రైల్లో మన్‌హాటన్‌లోని 14వ వీధికి వెళ్లి, అక్కడ బ్రూక్లిన్ వైపు ఎల్ రైలు పట్టుకుంటే, నది దాటాక మొదటి స్టేషన్ బెడ్‌ఫర్డ్ అవెన్యూ. 2021లో అక్కడ అతని మొజాయిక్ పెట్టారు. కాకపోతే గాజు ముక్కలతో ఆ సన్నటి గీత రాదు, ముఖాల్లోని ఆ చల్లదనమూ తగ్గుతుంది. కాగితం మీది బొమ్మలు కొన్ని చూశాకే అక్కడికి వెళ్లండి.