ఆ 'ల' ఎటు పోయింది?

తమ్ముడూ,

'అజూర్' అనే రంగు మాట మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎంచుకున్న విషయం బాగుంది. మొదటి పేరా మాత్రం కొట్టెయ్. అనంతం, స్వేచ్ఛ, కవి హృదయం అంటూ అరపేజీ నడిపావు. ఇవాళ లేత ఆకాశ నీలానికి వాడుతున్నాం కాబట్టి అది ఆకాశంలోనే పుట్టిందనుకున్నావు. నిజానికి అది పుట్టింది గనిలో.

పారసీకంలో 'లాజవర్ద్' అంటే ఒక ముదురు నీలి రాయి. ఈశాన్య అఫ్గానిస్తాన్‌లోని బదఖ్‌షాన్ కొండల్లో, కోక్చా నది లోయలో దాని గనులున్నాయి. అక్కడ వేల ఏళ్లుగా తవ్వుతున్నారు. 13వ శతాబ్దంలో మార్కో పోలో కూడా ఆ రాయి గురించి చెప్పాడు. ఖనిజాలతో మందులు చేయడం గురించి చెప్పే మన రసశాస్త్ర గ్రంథాల్లో కనిపించే రాజావర్తం ఇదే. 'రాజ', 'ఆవర్తం' అని విడగొట్టి, ఇది అచ్చంగా మన మాటే, మన దగ్గర్నుంచే ప్రపంచమంతా వెళ్లిందని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. రాజుకీ సుడికీ ఆ రాయితో ఏం సంబంధం? చెవిన పడ్డ పరాయి మాటకి సంస్కృత వేషం వేసినట్టే కనిపిస్తోంది నాకు. విడగొడితే అర్థం వచ్చినంత మాత్రాన అది వ్యుత్పత్తి అయిపోదు. తెలుగులో మాటల పుట్టుక గురించి రాసేవాళ్లలో సగం మందికి ఈ జబ్బుంది, నీకు అంటనివ్వకు.

నీ వ్యాసానికి ప్రాణం లాంటి సంగతిని ఒక్క ముక్కలో తేల్చేశావు. అరబ్బీ మీదుగా ఆ 'లాజవర్ద్' యూరప్ చేరింది. అక్కడి కొన్ని భాషల్లో నామవాచకం ముందు 'ల' లాంటి ఆర్టికల్ (ఇంగ్లీషులో 'ద' లాంటి చిన్న మాట) పెట్టి పలకడం అలవాటు. ఈ మాట మొదట్లో ఉన్న 'ల'ని కూడా ఆర్టికలే అనుకుని వదిలేశారు. అలా ఫ్రెంచ్‌లో 'అజూర్', ఇటాలియన్‌లో 'అజ్జూర్రో', స్పానిష్‌లో 'అసూల్' అయింది. రష్యన్ 'లాజూర్'లో ఆ 'ల' ఇంకా ఉంది. రాయి పేరు 'లాపిస్ లాజులీ'లోనూ ఉంది.

దీని పక్కనే మన నీలిమందు కథ పెట్టు. సంస్కృత 'నీల' పారసీకంలో 'నీల్' అయింది. అరబ్బీలో దాని ముందు ఆర్టికల్ చేరి 'అన్-నీల్' అయింది. పోర్చుగీసువాళ్లు ఆ ఆర్టికల్‌తో సహా ఎత్తుకెళ్లి 'అనీల్' అన్నారు. 19వ శతాబ్దంలో నీలిమందు నుంచి తీసిన రసాయనానికి అనిలిన్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. రెండూ నీలి రంగు మాటలే, రెండూ అరబ్బీ మీదుగా వెళ్లినవే. ఒకదానికి లేని ఆర్టికల్ ఉందనుకుని కోసేశారు, రెండోదానికి ఉన్న ఆర్టికల్‌ని మాటలో భాగమనుకుని ఉంచేశారు. ఇంత మంచి జత దొరికితే పేజీ ఖర్చు పెట్టినా తప్పులేదు. నువ్వేమో వర్ణనలకి ఖర్చు పెట్టావు.

అర్థం విషయంలోనూ వరస ముఖ్యం. ముందు రాయి, తర్వాత ఆ రాయిని నూరి చేసిన రంగు, ఆ తర్వాతే ఆకాశం. ఆకాశానికి వాడే కొద్దీ రంగు తేలికపడింది. ఇటాలియన్‌లో ముదురు నీలానికి 'బ్లూ' అని వేరే మాట ఉంది, 'అజ్జూర్రో' అంటే దానికన్నా లేత నీలం. ఆకాశంతో నేరుగా చుట్టరికం ఉన్న మాట కావాలంటే 'సెరూలియన్' చూడు, దాని లాటిన్ మూలాన్ని ఆకాశమనే అర్థమున్న 'కాయెలుమ్'తో కలుపుతారు. దానికి రెండు వాక్యాలు చాలు.

మన 'నీలం' దగ్గర కాస్త జాగ్రత్త. పాత పద్యాల్లో అది నలుపు దాకా పోతుంది. నీలమేఘం అంటే వాన మబ్బు, నీలోత్పలాన్ని మనం నల్లకలువ అంటాం. అలాంటి చోట 'స్కై బ్లూ' అని అర్థం రాస్తే పద్యం చెడుతుంది. ఇక 'ఆకాశం'లో అసలు నీలమే లేదు. దాని ధాతువు 'ప్రకాశం'లో ఉన్నదే, వెలుగుకి సంబంధించింది. ఇది నీ వ్యాసంలో లేదు, చేర్చు.

'అల్ట్రామరీన్' పేరా మాత్రం తీసెయ్. ఆ పేరుకి సముద్రం అవతలిది అని అర్థం, అదే రాయి నుంచి చేసిన ఖరీదైన రంగు, నిజమే. కానీ చిత్రకారులు, వర్తకులు, కృత్రిమ రంగు తయారీ అంటూ అది ఇంకెటో లాక్కుపోతోంది. విడిగా రాసి పంపు, చూస్తాను. ఈ వ్యాసం మాత్రం గనితో మొదలుపెట్టి తిరగరాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య