అమలా, వర్తింపా, చెల్లుబాటా?

సందేహం: నేను కర్నూలులో న్యాయశాస్త్రం చదువుతున్నాను. పల్లెల్లో జరిగే న్యాయ విజ్ఞాన సదస్సులో పంచడానికి తెలుగులో చిన్న కరపత్రం రాశాను. ‘మహిళల పట్ల వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడిక 1993 నుంచి మన దేశంలో అమలవుతోంది’ అన్న వాక్యం చూసి, ఒక సీనియర్ న్యాయవాది ‘వర్తిస్తోంది అనాలమ్మా’ అన్నారు. ఇంకొకరు ‘చెల్లుతోంది అంటే చాలు’ అన్నారు. ఏది సరైనది? అలాగే ‘మునిసిపల్ లా’ను ‘పురపాలక చట్టం’ అని రాశాను. ఒప్పేనా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

సమాధానం: అమ్మా, చిన్న సంగతి ముందు తేల్చుకుందాం. అంతర్జాతీయ న్యాయం గురించి మాట్లాడేటప్పుడు ‘మునిసిపల్ లా’ అంటే ఇంటిపన్ను, కొళాయి పన్నుల చట్టం కాదు. రాజ్యాంగం మొదలుకొని ఒక దేశం తన హద్దుల లోపల నడుపుకొనే చట్టాలన్నిటికీ కలిపి ఆ పేరు. ‘దేశీయ చట్టం’ అని రాయండి. ‘పురపాలక’ అంటే చదివేవాళ్లకు కార్పొరేషన్ ఆఫీసే గుర్తొస్తుంది.

ఇక మూడు క్రియలు. ఇవి ఒకదానికి బదులు ఇంకొకటి వాడుకునే మాటలు కావు. ఒక నియమం ఫలానా మనిషికి, ఫలానా సందర్భానికి తగులుతుందా అన్నది ‘వర్తించడం’. ‘ఈ జీవో కాంట్రాక్టు ఉద్యోగులకు వర్తించదు’ అంటాం. కాగితానికి బలం ఉందా లేదా అన్నది ‘చెల్లడం’. రిజిస్ట్రేషన్ కాని క్రయపత్రం చెల్లదు. ‘అమలు’ అలా కాదు, అందులో పని ఉంది, పని చేసే మనిషీ ఉండాలి. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది బాగా తెలుసు. దావా గెలిచి డిక్రీ చేతికొచ్చినా, అవతలివాడు కదలకపోతే మళ్లీ ఈపీ (డిక్రీని అమలు చేయించమని కోరే దరఖాస్తు) వేయాలి, కోర్టు అమీనా కదలాలి. అప్పటిదాకా డిక్రీ చెల్లుతుంది, కానీ అమలు కాలేదు.

మీ వాక్యంలో చిక్కు ఇక్కడే ఉంది. ‘అమలవుతోంది’ అన్నారు. ఎవరు అమలు చేస్తున్నారు? కర్త లేడు. ఒడంబడిక తనంతట తానే ఊళ్లోకి వచ్చి పనిచేస్తున్నట్టు వినబడుతుంది. నెదర్లాండ్స్ గురించి రాసి ఉంటే మీ వాక్యం చాలావరకు నిలబడేది. అక్కడ అందరికీ వర్తించే ఒప్పంద నిబంధన ప్రకటితమయ్యాక న్యాయస్థానం దాన్నే నేరుగా పాటిస్తుంది, దానికి విరుద్ధమైన దేశీయ చట్టాన్ని పక్కన పెడుతుంది. మన పద్ధతి వేరు. విదేశాలతో ఒప్పందం చేసుకునేది కేంద్ర ప్రభుత్వం. పౌరుల హక్కులనో, ఉన్న చట్టాన్నో మార్చేదైతే దానికి పార్లమెంటు చట్టం కావాలి. ఆ అధికారం రాజ్యాంగంలోని 253వ అధికరణం ఇస్తుంది, రాష్ట్రాల జాబితాలోని అంశమైనా సరే. ఒప్పందాల పట్ల గౌరవం పెంచాలని 51వ అధికరణం చెబుతుంది గానీ అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని కోర్టులో దావా గెలవలేం. ఒడంబడిక రాసుకోవడం వేరు, అది జరగడం వేరు అని కోస్తా, సీమ నాయకులు 1937లో రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికను చూసిన సీమవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ రెండు పద్ధతులకూ కొందరు ‘అద్వైతం’, ‘ద్వైతం’ అని పేర్లు పెడుతున్నారు. మంత్రాలయం ఉన్న జిల్లాలో ద్వైతం అన్న మాటకు అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. నెదర్లాండ్స్ పద్ధతిని ‘ఏకవాదం’, మన పద్ధతిని ‘ద్వంద్వవాదం’ అనడం మేలు.

మరి 1993లో జరిగిందేమిటి? భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను ధ్రువీకరించింది, అంటే దానికి కట్టుబడతానని లాంఛనంగా ఒప్పుకుంది, అంతే. పనిచేసే చోట ఆడవాళ్లను వేధిస్తే ఏం చేయాలో చెప్పే ప్రత్యేక చట్టం అప్పటికి లేదు. 1997లో విశాఖ కేసులో (ఇది రాజస్థాన్‌లోని ఒక సంస్థ పేరు, మన విశాఖపట్నం కాదు) సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులను ఈ ఒడంబడికతో కలిపి చదివి మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా వీటినే చట్టంగా పాటించాలంది. ఆ చట్టం 2013లో గానీ రాలేదు. ఇప్పుడు మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘ప్రభుత్వం 1993లో ఒడంబడికను ధ్రువీకరించింది. సుప్రీంకోర్టు 1997లో దాని ఆధారంగా మార్గదర్శకాలిచ్చింది. పార్లమెంటు 2013లో చట్టం చేసింది.’ ప్రతి క్రియకూ కర్త దొరికాడు. ఆదోనిలో ఏ జిన్నింగు మిల్లులోనో పనిచేసే ఆమె మీ కరపత్రం చదివితే ఆమెకు కావలసింది ఇదే. ఒడంబడిక దగ్గరికి వెళ్లి ఆమె ఫిర్యాదు ఇవ్వడం కుదరదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోటైతే యజమాని వేయాల్సిన అంతర్గత కమిటీకి ఇవ్వాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఆ రెండు పేర్లూ పెద్ద అక్షరాల్లో వేయండి.

‘వర్తించు’ సరిగ్గా కుదిరే చోటూ ఉంది. 1984 నాటి కేసు ఒకటి చెబుతాను. సింగపూర్ నుంచి నేపాల్ పోవలసిన పాటల క్యాసెట్లు కలకత్తా రేవులో దిగాయి. అవి దొంగ కాపీలని గ్రామఫోన్ కంపెనీ అడ్డుపడింది. సరుకు ఇక్కడ అమ్మడానికి కాదు, నేపాల్‌కు దారి ఇస్తామని ఒప్పందమూ ఉంది. అలాంటప్పుడు దాన్ని ‘దిగుమతి’ అనవచ్చునా? తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. బయటి నుంచి దేశంలోకి తేవడమే దిగుమతి, దాటిపోయే సరుకైనా అంతే అన్నారు. పార్లమెంటు చట్టంతో ఢీకొననంతవరకు అంతర్జాతీయ న్యాయసూత్రాలను మన చట్టంలో ఇముడ్చుకోవచ్చు, ఢీకొంటే మన చట్టమే నిలుస్తుంది అని కూడా చెప్పారు. కాబట్టి ‘ఆ సూత్రం ఈ కేసుకు వర్తిస్తుంది’ అనడం పూర్తిగా సబబు.

ఇంకో మాట మీ ఊరికి సంబంధించింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలుకు వచ్చింది కదా. ఆ కమిషన్‌కు ఆధారమైన 1993 చట్టం మానవ హక్కులను నిర్వచిస్తూ, రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కులతోపాటు ‘అంతర్జాతీయ ఒడంబడికల్లో పొందుపరచిన, భారతదేశంలోని న్యాయస్థానాలు అమలు చేయదగిన’ హక్కులు అంటుంది. అక్కడి ‘దగిన’ను కొందరు అనువాదంలో వదిలేసి ‘అమలవుతున్న హక్కులు’ అని రాస్తున్నారు. అది పెద్ద పొరపాటు. అమలు కాకుండా పడి ఉన్న హక్కు కోసమే కదా మనిషి కమిషన్ మెట్లెక్కేది!

‘సంతకం’, ‘ధ్రువీకరణ’ కూడా కలపకండి. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. మీ కరపత్రంలో దాని ప్రస్తావన ఉంటే ‘సంతకం చేసింది’ దగ్గరే ఆపండి.