మేస్త్రి జవాబులు: పొద్దున్నే స్టార్ట్ అయ్యే లారీ టీకి ఆపితే ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. నాది 2003 మోడల్ ఆరు టైర్ల లారీ, ఆరు సిలిండర్ల పాత ఇంజన్. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని నంద్యాల మీదుగా గిద్దలూరు వైపు తిరుగుతుంటాను. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. లోడుతో నడిపి, టీకి ఆపి, పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోయేదాకా స్టార్ట్ కాదు. నల్లమల ఘాట్‌లో మూడో గేరులో ఎక్కే చోట రెండుకి దిగాల్సి వస్తోంది. చదును రోడ్డు మీద మాత్రం బాగానే లాగుతుంది. ఒక మెకానిక్ డీజిల్ పంపు పోయింది, మార్చమన్నాడు. ఇంకొకతను పంపులో డీజిల్ కాస్త పెంచితే చాలంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(ఒక లారీ యజమాని, నంద్యాల జిల్లా)

జవాబు: తమ్ముడూ, మీరు లక్షణాలు చక్కగా రాశారు. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, ఘాట్‌లోనే పుల్లింగ్ తగ్గడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే నాకు కూడా మొదటి అనుమానం పంపు మీదే.

మీది ఇన్‌లైన్ పంపు, అంటే ఎలిమెంట్లన్నీ ఒకే వరుసలో ఉండే పాత రకం. అందులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఎలిమెంట్ ఉంటుంది. అంటే ఒక బ్యారెల్, అందులో పైకీ కిందికీ ఆడే ప్లంజర్. వాటి మధ్య రింగు లేదు, వాషర్ లేదు. రెండు మూడు మైక్రాన్ల సందు, అంతే. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఆ సందు ఎంత సన్ననిదో ఊహించండి. ప్లంజర్ అరిగితే సందు పెరిగి, పైకి నాజిల్‌కి (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) వెళ్లాల్సిన డీజిల్‌లో కొంత పక్క నుంచి కిందికి జారిపోతుంది. చల్లని డీజిల్ కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి పొద్దున తక్కువ జారుతుంది. ఇంజన్ వేడెక్కాక పంపులో డీజిల్ పలచబడి ఎక్కువ జారుతుంది. పైగా సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ తిరిగేదే మెల్లగా, పంపు తిరిగేది అందులో సగం వేగంతో. ప్లంజర్ నెమ్మదిగా లేస్తుంటే జారడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. చదును రోడ్డు మీద ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే ఆ సమయం దొరకదు, అందుకే అరుగుదల బయటపడదు. ఘాట్‌లో లోడుకి ఆర్‌పీఎం పడిపోగానే మళ్లీ అదే కథ.

ఇంత చెప్పి కూడా, వెంటనే పంపు దించొద్దనే అంటాను. విజయవాడ ఆటోనగర్‌లో పంపు బెంచ్ (దించిన పంపుని తిప్పి పరీక్షించే మిషన్) దగ్గర నాకు 34 ఏళ్లు. సొంతంగా షాపు పెట్టిన కొత్తలో పుల్లింగ్ లేదని ఒక లారీ వస్తే ఆరు ఎలిమెంట్లూ మార్చాను. మూడో రోజు అదే కంప్లయింట్‌తో తిరిగొచ్చింది. చూస్తే డీజిల్ ట్యాంకు మూతలో గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంది. ఆ బిల్లు కట్టడానికి ఆయన ఇంట్లో గాజులు తాకట్టు పెట్టాడని తర్వాత తెలిసింది. ఆ డబ్బు నేను నాలుగు నెలల్లో తిరిగిచ్చాను. అప్పటి నుంచి నా బెంచ్ మీదికి ఏ పంపు వచ్చినా ముందు ట్యాంకు మూత సంగతి అడుగుతాను.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. మూత, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) జాలీ, డీజిల్ ఫిల్టర్ చూడండి. డీజిల్ పైపుల్లోకి గాలి లాగుతుంటే సాధారణంగా రాత్రంతా నిలబడ్డ లారీ పొద్దున ఇబ్బంది పెడుతుంది. మీది పొద్దున బాగుంది కాబట్టి గాలి అనుమానం తక్కువ, అయినా కాపర్ వాషర్లు మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. సెల్ఫ్ మోటారు వేడి మీద బరువుగా తిరుగుతోందేమో కూడా చెవి పెట్టి వినండి. అది మెల్లగా తిరిగితే మంచి పంపు ఉన్నా ఇంజన్ స్టార్ట్ కాదు.

ఇవన్నీ బాగుంటే, ఈసారి టీ దగ్గర మొరాయించినప్పుడు తడి గోనెపట్టా పంపు మీద కప్పి పావుగంట ఆగండి. ఆ తర్వాత టక్కున స్టార్ట్ అయితే పంపు అరిగిందనడానికి అది గట్టి గుర్తు. ఇంజన్ నడుస్తుండగా మాత్రం వేడి పంపు మీద చన్నీళ్లు పోయొద్దు, ప్లంజర్ పట్టేస్తుంది.

తర్వాత ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి, గుడ్డ చుట్టి, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేయించండి. ఏ నట్టు వదిలినా ఇంజన్ శబ్దం మారాలి. మారని సిలిండరే నీరసంగా ఉన్నది. దాని నాజిల్ తీసి పక్క సిలిండర్‌కి వేయండి. నీరసం నాజిల్‌తో పాటు పక్కకి వెళ్తే తప్పు నాజిల్‌ది. కదలకపోతే ఆ ఎలిమెంటో, దాని పైన డీజిల్ వెనక్కి రాకుండా ఆపే డెలివరీ వాల్వో, లేదా ఇంజన్ కంప్రెషనో. చెయ్యి మాత్రం డీజిల్ ధారకి అడ్డం పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. చిన్న చుక్కంత గాయమే కదా అని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

డెలివరీ వాల్వ్‌కి సులువైన పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి, స్టాప్ లివర్ లాగి ఉంచి, పంపు మీది పైపు విప్పి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించేది) కొట్టండి. అక్కడ డీజిల్ ఊరుతూనే ఉంటే ఆ వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదు. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా చూడండి. మట్టం పెరిగి డీజిల్ వాసన కొడితే ఎలిమెంట్లయినా కారుతున్నాయి, ఫీడ్ పంపయినా కారుతోంది. తక్కువ ఖర్చు కాబట్టి ఫీడ్ పంపే ముందు చూపించండి. ఆ ఆయిల్‌తో మాత్రం ఇంకో ట్రిప్పు వెయ్యకండి, బేరింగులు పోతాయి.

పంపు దించక తప్పకపోతే బెంచ్ మీద సెల్ఫ్ వేగంలో డెలివరీ చూపించమని అడగండి. చాలామంది ఎక్కువ ఆర్‌పీఎంలో గాజు గొట్టాలు సమానంగా నిండటం చూపించి సరే అంటారు. మీ పంపు తప్పు దొరికేది తక్కువ వేగంలోనే. పాత ప్లంజర్లు చేతిలోకి తీసుకుని చూడండి. ఏటవాలు గాడి దగ్గర అద్దంలా మెరవాల్సిన చోట బూడిద రంగు చారలుంటే అది అరుగుదలే. ప్లంజర్, బ్యారెల్ జతగా తయారైనవి. ఒకదాని ప్లంజర్ ఇంకోదానికి వేయనివ్వొద్దు.

డీజిల్ పెంచడానికి మాత్రం ఒప్పుకోకండి. స్క్రూ తిప్పితే ఆరింటికీ పెరుగుతుంది. బాగున్న సిలిండర్లకి ఎక్కువై నల్లపొగ, పిస్టన్లకి వేడి. కారే ఎలిమెంటు సెల్ఫ్ వేగంలో కారుతూనే ఉంటుంది.

2020 ఏప్రిల్ నుంచి సల్ఫర్ తక్కువున్న బీఎస్-6 డీజిల్ వచ్చాక పాత పంపులన్నీ పోతున్నాయని కొందరంటారు. ఆ డీజిల్‌కి కూడా జారుడు గుణం ఇంత ఉండాలన్న స్టాండర్డ్ ఉంది. నేను విప్పిన పంపుల్లో ఎక్కువగా కనిపించింది నీళ్లు, తుప్పు, డ్రమ్ముల్లో కొన్న కిరోసిన్ కలిపిన డీజిల్.

ప్రశ్న: మాది గ్రానైట్ మోసే కొత్త టిప్పర్, కామన్ రైల్ ఇంజన్. పుల్లింగ్ తగ్గింది. మా డ్రైవర్ పైపుల నట్లు వదులు చేసి చూస్తానంటున్నాడు. చూడనివ్వమంటారా?
(ఒక సోదరి, ఖమ్మం జిల్లా)

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు. పై జవాబులో చెప్పిన నట్టు పరీక్ష పాత ఇన్‌లైన్ పంపులకే. కామన్ రైల్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకంలో, ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, మనిషి ప్రాణానికే ప్రమాదం. స్కానర్ పెట్టించి రైలు ప్రెషర్ చూపించండి, ఇంజెక్టర్ల రిటర్న్ డీజిల్ కొలిపించండి. పాత ఫిల్టర్ కోయించి, మడతల్లో లోహపు పొడి మెరుస్తోందేమో చూడమనండి. మెరిస్తే ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా లాగించి తీసుకెళ్లండి. ఆ పొడి ఇంజెక్టర్లలోకి వెళ్తే ఖర్చు పంపుతో ఆగదు.