చదువు ముగిసిన వెంటనే పెళ్లి చేసుకున్న జంట ఎవరి ఉద్యోగానికి పెద్దపీట వేయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఇద్దరూ ఒకేసారి చదువు ముగించారు, వెంటనే పెళ్లి చేసుకున్నారు, ఒకరికి వేరే నగరంలో ఉద్యోగం వచ్చింది, మరొకరు ఉద్యోగం వెతుక్కుంటూనే పై చదువు గురించి కూడా ఆలోచిస్తున్నారు. ఇల్లు, డబ్బు, ఉద్యోగాల విషయంలో ఎలా సర్దుకోవాలి, అవసరమైతే కొంతకాలం వేర్వేరు చోట్ల ఉండవచ్చా అన్నది మీ సందేహం. మావారూ నేనూ ఒకే తరగతిలో చదువుకుని, ఆఖరి పరీక్షలైన ఏడాదిలోపే పెళ్లి చేసుకున్నాం కనుక ఈ స్థితి మాకు బాగా తెలుసు. ఉద్యోగం ముందుగా దొరికింది ఆయనకు, వెంట వెళ్లింది నేను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ దశలో డబ్బు చాలకపోవడం ఇబ్బందే కానీ అది కంటికి కనిపించే ఇబ్బంది, దానికి ఏదో ఒక దారి వెతుక్కుంటాం. ఎవరికి ముందు నియామక పత్రం వస్తే వారి చుట్టూ ఇంటి నిర్ణయాలన్నీ వాటంతటవే అల్లుకుపోవడం మాత్రం చాలాకాలం ఎవరికీ కనిపించదు. నగరం ఆయన ఉద్యోగాన్ని బట్టి ఖాయమవుతుంది, ఇల్లు ఆయన ఆఫీసుకు దగ్గరగా చూస్తారు, రెండో మనిషి వెతుకులాట ఆ ఒక్క నగరానికే పరిమితమవుతుంది, దొరికిన చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకుంటే జీతాల మధ్య తేడా పెరుగుతుంది, మరుసటిసారి బదిలీ మాట వచ్చినప్పుడు ‘ఎక్కువ జీతం ఎవరిదో వారి మాటే ముందు’ అన్న లెక్క ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. కొన్ని వారాల ముందు వచ్చిన ఒక కాగితం పదేళ్ల జీవితాన్ని నిర్ణయించేస్తుంది, అంతే.

ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లో కుటుంబాల వలసల మీద రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ పరిస్థితినే వివరించాడు. ఇద్దరి లాభనష్టాలను కలిపి చూస్తే కుటుంబానికి లాభమే కావచ్చు, అయినా ఒంటరిగా ఉంటే ఆ ఊరు కదలని మనిషి ఆ లాభం కోసం తన అవకాశాలు వదులుకుని కదలవలసి వస్తుంది. ఒంటరిగా ఉంటే కదిలిపోయే మనిషి కుటుంబం కోసం కదలకుండా ఉండిపోవడమూ జరుగుతుంది. మొత్తం లాభంలో ఒకరి నష్టం దాగి ఉంటుందన్న ఈ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది కానీ, తెలిసిన రోజున ఆ నష్టానికి లెక్క కట్టవచ్చు, అది ఒకరి మీదే ఎల్లకాలం పడకుండా చూసుకోవచ్చు అన్న ధైర్యం కలిగింది.

డబ్బు దగ్గర ఇది ఎలా బయటపడుతుందో చెబుతాను. కొత్త నగరంలో మొదటి నెలల్లో మా ఇంట్లో జీతం వచ్చే ఖాతా ఒక్కటే ఉండేది. ఏ పరీక్షకైనా దరఖాస్తు రుసుము కట్టాలన్నా, ఇంటర్వ్యూకు ప్రయాణం కావాలన్నా ‘కొంచెం పంపుతావా’ అని నేను అడగాలి. ఆయన ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు, నిమిషంలో పంపేవారు. అయినా అడగవలసి రావడమే బరువు. నిన్నమొన్నటి దాకా పక్క బెంచీలో కూర్చుని ఒకే ప్రశ్నపత్రం రాసిన మనిషి దగ్గర అడగడం ఇంకా బరువు. ఒక సాయంత్రం ఈ మాట ఆయనతో అన్నాక పద్ధతి మార్చుకున్నాం. జీతం పడిన రోజే అద్దె, ఇంటి ఖర్చు, పొదుపు కోసం కొంత మొత్తం ఉమ్మడి ఖాతాలోకి వెళ్తుంది, మిగిలినది సగం సగం మా ఇద్దరి సొంత ఖాతాల్లోకి దానంతటదే పోతుంది. ఆ సగం ఎలా ఖర్చుపెట్టుకున్నారని ఎవరూ ఎవరినీ అడగకూడదు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఇదే పద్ధతి సాగింది, రెండు జీతాలు అయ్యాయంతే. మా స్నేహితుల్లో జీతాల నిష్పత్తిలో ఖర్చు పంచుకునే జంటలూ ఉన్నాయి. ఇద్దరికీ జీతం ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది, ఒకరికి అసలు జీతమే లేనప్పుడు మాత్రం ఆ నిష్పత్తికి అర్థం లేదు.

ఇంటిపని సంగతి కూడా ఇలాంటిదే. ‘ఇంట్లోనే ఉన్నారుగా’ అన్న ఒక్క మాటతో పనంతా ఉద్యోగం లేనివారి మీదకు జారుతుంది. ఉద్యోగం వెతకడం కూడా వేళలున్న పనే. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక బల్ల ఉదయం పూట నాదని రాసుకున్నాం, ఆ సమయంలో బట్టలు ఆరేయడం దగ్గర నుంచి సిలిండర్ తెప్పించడం దాకా ఏదీ నా బాధ్యత కాదు.

మొదటి ఏడాదిలో తరచూ చిరాకులు వస్తున్నాయంటే మీ ఇద్దరికీ పొసగదని అనుకోకండి. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె అనే మనోవైద్యులు 1967లో జీవితంలోని 43 మార్పులకు, సర్దుకోవడానికి పట్టే శ్రమను బట్టి, మార్కులు వేశారు. అందులో పెళ్లికి 50, ఆర్థిక స్థితి మారడానికి 38, చదువు మొదలవడానికి లేదా ముగియడానికి 26, జీవన పరిస్థితులు మారడానికి 25, ఇల్లు మారడానికి 20. మీ ఇంట్లో ఈ ఐదూ ఒకే ఏడాది జరిగాయి, కలిపితే 159. ఆ పట్టికలో 150 దాటితే ఒత్తిడి వల్ల ఆరోగ్యం దెబ్బతినే అవకాశం ఓ మోస్తరుగా ఉంటుందని లెక్క. శుభకార్యానికీ మార్కులు ఉండటం గమనించండి.

ఇక ముందుగా దొరికిన ఉద్యోగం చిన్నదైతే జీవితమంతా వెనకబడిపోతామన్న భయం గురించి. కెనడాలో మాంద్యం రోజుల్లో చదువు ముగించిన పురుష పట్టభద్రుల సంపాదనను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదట్లో సుమారు 9 శాతం ఉన్న నష్టం 5 ఏళ్లకు సగమై, 10 ఏళ్లకు పూర్తిగా తొలగిపోయినట్టు తేలింది. తొలగిపోవడానికి ఒక ముఖ్య కారణం, వారు మెరుగైన సంస్థలకు మారగలగడం. అందులో లెక్కించినది మగవారిని మాత్రమే, అందువల్ల వెంట వెళ్లిన భార్యకు కూడా ఇదే వర్తిస్తుందని నేను అనను. నాకు అందులో పనికొచ్చింది ఒక్కటే: మారగలిగే స్వేచ్ఛ ఉన్నంతకాలం చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టినా కోలుకోవచ్చు, కాబట్టి కాపాడుకోవలసింది ఆ స్వేచ్ఛను.

అందుకే మేము ఒక కాగితం మీద ఒప్పందం రాసుకుని సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకున్నాం. ఆయన ప్రొబేషన్ ముగిసే దాకా ఈ నగరం. ఇంటి అద్దె ఒప్పందం పునరుద్ధరించే నెలలో మళ్లీ మాట్లాడుకోవాలి. అప్పటి నుంచి నా వెతుకులాటకు ఊరి హద్దు ఉండదు. నాకు మంచి అవకాశం వస్తే ఈసారి కదలవలసింది ఆయన. అద్దె ఒప్పందం తేదీని ఎంచుకోవడానికి కారణం ఉంది. మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు పోతుందన్న భయం ఉండదు, నోటీసు పీరియడ్‌ను ముందే లెక్కవేసుకోవచ్చు. చివరికి నాకు వేరే నగరంలో పై చదువుకు సీటు వచ్చినప్పుడు ఆ కాగితం బయటకు తీశాం. వాదన లేకపోలేదు, అప్పటికి ఆయనకు పదోన్నతి మాట నడుస్తోంది. కానీ వాదన ‘ఎవరిది ముఖ్యం’ అన్నదాని మీద కాక ‘ఎప్పుడు, ఎలా’ అన్నదాని మీదే సాగింది.

పై చదువుకు అప్పు చేయడం గురించి ఒక్క మాట. వడ్డీ శాతంతో 72ను భాగిస్తే అప్పు సుమారుగా ఎంత కాలంలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. ఏడాదికి 9 శాతమైతే 8 ఏళ్లు. క్రెడిట్ కార్డులో నెలకు 3 శాతమైతే 24 నెలలు. చదువుకోసం మొదటి రకం అప్పు తీసుకోవడానికి నేను వెనుకాడలేదు, కొత్త కాపురానికి సామాన్లు కొనడానికి రెండో రకం జోలికి మాత్రం పోలేదు.

వేర్వేరు చోట్ల ఉండటం సాధ్యమే, ఆయన బదిలీ కుదిరే దాకా మేమూ ఉన్నాం. రెండు అద్దెలు కట్టినా నెలాఖరుకు చేతిలో కొంత మిగులుతుందా అన్నది ముందు లెక్క వేసుకోండి. విడిగా ఉండటం ఏ నెలలో ముగుస్తుందో కూడా బయలుదేరకముందే తేల్చుకోండి; ఆ నెల ఏదో ఇద్దరూ చెప్పలేకపోతే నేనైతే వెళ్లమనను.