కొట్టినకొద్దీ అబద్ధాలు పెరుగుతున్నాయి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మావారికి రొయ్యల గుంటలున్నాయి. బాబు ఏడో తరగతి. లెక్కల్లో 50కి 11 వచ్చాయని, ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళ నాన్న సంతకం వాడే గీసేసి స్కూల్లో దొరికిపోయాడు. మావారు బెల్టుతో కొట్టారు. పైగా మాస్టారితో ‘కళ్ళు వదిలేసి ఎక్కడైనా కొట్టండి’ అని చెప్పొచ్చారు. రొయ్యల రేటు పడిన రోజు ఆయన చిన్నదానికే చెయ్యి చేసుకుంటారు, బాగున్న రోజు ఏమీ అడగరు. ఇంతకుముందు రెండుసార్లు నేనే సంతకం పెట్టి ‘నాన్నకు చెప్పకు’ అన్నాను. క్రమశిక్షణ లేకపోతే చదువు రాదంటారు మావారు. రెండు రోజులుగా వాడు నాతో కూడా మాట్లాడట్లేదు.

జవాబు: చదువుకు క్రమశిక్షణ కావాలమ్మా, అందులో మీవారితో నాకు పేచీ లేదు. కానీ మీ ఇంట్లో ఉన్నది భయం. ఏది తప్పో బాబుకు తెలియదు, ఈరోజు రొయ్యల కౌంటు రేటు (కిలోకు ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర) ఎంతో మాత్రం తెలుసు. ఇక సంతకం సంగతి. నొచ్చుకోకండి, ఆ విద్య వాడికి నేర్పింది మీరే. ఆ రెండు సంతకాల విషయం బాబు ఎదుటే మీవారికి చెప్పేయండి. కష్టమే, కానీ అది దాచి వాణ్ణి నిజం చెప్పమనలేరు.

మీవారిని రాత్రి అన్నాలయ్యాక నిదానంగా అడగండి: చెక్ ట్రేలో, అదే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే పళ్ళెంలో, మేత మిగిలితే ఏం చేస్తారని. మేత తగ్గిస్తారు, నీళ్ళు టెస్టు చేయిస్తారు, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు చూసుకుంటారు. ఆ 11 మార్కులూ ఆ మిగిలిన మేత లాంటివే, ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలి. ఆదివారం నోటుబుక్కు ముందేసుకుని కూర్చోండి. 1/2కి 1/3 కలపమంటే పైవి పైన, కిందివి కింద కలిపేసి 2/5 అని రాస్తున్నాడేమో చూడండి. ఏడో తరగతిలో తడబడే పిల్లలు చాలామంది భిన్నాల దగ్గరే జారి ఉంటారు. అలాగైతే వెనక్కి వెళ్ళి ఐదో తరగతి పుస్తకం తీయాలి. ట్యూషన్ మార్చి లాభం లేదు. రోజూ ఒకే వేళకు ఒక గంట చాలు, రేటు పడినా పెరిగినా. ఆ గంట టీవీ ఉండదు, మీవారి ఫోను కూడా పక్కన పెట్టాలి.

దొంగ సంతకాన్ని ఊరికే వదలొద్దు. బాబే క్లాస్ టీచరు దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకోవాలి. నాన్న పక్కన నిలబడితే చాలు, మాట్లాడకూడదు. మాస్టారితో అన్న మాట కూడా అప్పుడే వెనక్కి తీసుకోమనండి. స్కూల్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆయన మాట విని కొడితే మాస్టారి మీదే చర్య ఉంటుంది. ఇంట్లో మళ్ళీ బెల్టు బయటికొస్తే ముందు పిల్లాణ్ణి అక్కణ్ణుంచి తీసుకెళ్ళిపోండి. ఆగకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

దెబ్బలకు చర్మం చిట్లితే ఈరోజే డాక్టరుకు చూపించండి. రాత్రికి వాడి పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టండి, లెక్కల ఊసెత్తకండి. వాడు మాట్లాడకపోయినా లేచి వెళ్ళిపోకండి.