కొత్త పేజీలు: ఏది ఉంచాలి, ఏది తొలగించాలి?

ప్రశ్న: తీరిక దొరికినప్పుడల్లా తెలుగు వికీపీడియాలో కొత్త పేజీలను పరిశీలిస్తుంటాను. రెండు వాక్యాల ఊరి పేజీలు, సొంత డబ్బా కొట్టుకునే జీవిత చరిత్రలు, యంత్రానువాదాన్ని యథాతథంగా పడేసిన వ్యాసాలు తరచూ కనిపిస్తాయి. తొలగించమని ప్రతిపాదిస్తే రాసినవారు నొచ్చుకుని మళ్ళీ రారు, ఊరుకుంటే పేరుకుపోతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఆ మూడింటినీ ఒకే గాటన కట్టకండి. ఊరి పేజీలో రెండే వాక్యాలుంటే అది మొలక (ఇంకా పెరగాల్సిన చిన్న వ్యాసం), అంతే. ‘మా ఊరు చాలా అందమైనది, ఇక్కడి ప్రజలు మంచివారు’ అని ఉన్న పేజీని తొలగింపుకు పంపేముందు, అదే ఊరికి కాస్త తేడా ఉన్న పేరుతో ఇప్పటికే పేజీ ఉందేమో వెతకండి. ఉంటే కొత్తదాన్ని ఆ పాత పేజీకి తీసుకెళ్ళే దారిమార్పుగా చేస్తే సరిపోతుంది. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లున్న ఊళ్ళు మనకు కోకొల్లలు కనుక మండలం తేలనిదే ఏదీ తేలదు. పేజీ లేకపోతే, ఆ పొగడ్తను తీసేసి, మండలం, జిల్లా, 2011 జనగణన లెక్కలు మూలంతో సహా చేర్చితే కాసేపట్లో పేజీ నిలబడుతుంది. అయితే తెలంగాణలో 2016 అక్టోబరులోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లోను జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు కాబట్టి, జనగణన పట్టికలోని జిల్లాను కళ్ళు మూసుకుని ఎక్కించకండి.

జీవించి ఉన్నవారి పేజీల దగ్గర ఈ మెతకదనం పనికిరాదు. 2005లో ఆంగ్ల వికీపీడియాలో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ గురించి ఒక అజ్ఞాత వ్యక్తి పేజీ సృష్టించి, కెన్నెడీ హత్యలో ఆయన ప్రమేయాన్ని అనుమానించారంటూ రాసిన అబద్ధం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ డిసెంబరులోనే, ఖాతా లేనివారు అక్కడ కొత్త వ్యాసాలు సృష్టించకుండా ఆపారు. 2018 నుంచి ఖాతా తెరిచి 4 రోజులు గడిచి, 10 దిద్దుబాట్లు చేసినవారికే నేరుగా ఆ వీలుంది, మిగిలినవారు చిత్తుప్రతి రాసి సమీక్షకు పంపుకోవాలి. ఆ పద్ధతిని మనం ఎరువు తెచ్చుకుంటే సమీక్షకు కూర్చునే మనుషులు చాలక చిత్తుప్రతులు మూలన పడతాయని నా అభిప్రాయం. మనకు కావలసింది, నిందలున్నా, ఇతర సైట్ల నుంచి ఎత్తిపోసిన పాఠ్యమున్నా చర్చకు ఆగకుండా వెంటనే తీసేయడం. డబ్బా కొట్టుకునే పేజీకైతే స్వతంత్ర మూలాలు అడిగి, అవి దొరక్కపోతే తొలగింపుకు ప్రతిపాదించడం.

యంత్రానువాదాన్ని మాత్రం మీరు నెత్తిన వేసుకోకండి. 2010 ప్రాంతంలో గూగుల్ అనువాద పరికరాలతో చేయించి చేర్చిన వ్యాసాల భాషను బాగుచేయడం ఎంత భారమైందో పాతకాపులకు తెలుసు. అటువంటి దాన్ని సరిదిద్దడం కంటే కొత్తగా రాయడమే తేలిక. రాసినవారి ప్రయోగశాలకు (సాధన కోసం వారికుండే సొంత పేజీకి) తరలించి, వారి చర్చ పేజీలో ఇలా రాయండి: ‘నమస్కారమండీ, మీ వ్యాసాన్ని మీ ప్రయోగశాలలోకి మార్చాను. రెండో పేరాలో కర్త ఎవరో తెలియడం లేదు, మూడో పేరాకు మూలం లేదు. ఈ రెండూ సరిచేసి చెప్పండి, నేనే తిరిగి ప్రధాన పేరుబరికి (వ్యాసాలుండే చోటికి) తెస్తాను.’ మూస (ముందే రాసిపెట్టిన హెచ్చరిక) అంటించి వెళ్ళిపోతే నొచ్చుకునేవారిలో కొందరైనా దీనికి జవాబిస్తారు. వారం పది రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే దాన్ని అక్కడే వదిలేసి తర్వాతి పేజీకి వెళ్ళండి.