సంచిలో పదకొండు జాకెట్లు

ప్రశ్న: మాస్టారుగారికి వందనాలు. నాది రాజోలు దగ్గర ఒక పల్లె. పేరు వేయకండి. పన్నెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మా ఆయనది తాపీపని. మా చెల్లి కువైట్ వెళ్లి ఆరేళ్లలో స్లాబు వేసింది, మాది ఇంకా రేకుల ఇల్లే. డ్వాక్రాలో లోను తీసుకుని మోటారు మిషను కొనుక్కుందామనుకున్నాను. ఇంతలో మా పాస్టరుగారు "కలిగినవాటితో తృప్తిపొందియుండుడి" అని వాక్యం చెప్పారు. నాది అత్యాశేమోనని ఆగిపోయాను. అప్పట్నుంచి మిషను ముందు కూర్చోబుద్ధి కావడం లేదు. క్రిస్మస్‌కి ఇవ్వాల్సిన పదకొండు జాకెట్లు సంచిలోనే ఉన్నాయి. తృప్తి అంటే ఉన్నదాంతో సరిపెట్టుకుని ఊరుకోవడమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ పదకొండు జాకెట్లు కుట్టేయండి. మీ ఉత్తరం పెద్దది, కుదించి వేశాం. అందులో చెల్లెలి స్లాబు గురించి పేజీన్నర ఉంది. జాకెట్ల గురించి ఒకే ఒక్క వాక్యం. నాకు మాత్రం అసలు సంగతి ఆ ఒక్క వాక్యంలోనే కనిపించింది.

పాస్టరుగారు చెప్పిన మాట బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం (హెబ్రీ పత్రిక) 13వ అధ్యాయంలోది. దానికి ముందున్న ముక్క కూడా చదవండి: "ధనాపేక్షలేనివారై". వద్దన్నది డబ్బు మీద వ్యామోహాన్ని, చేతిలో పనిని కాదు. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాసిన పౌలు వృత్తి ఏమిటో తెలుసు కదా, డేరాలు కుట్టడం. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి అదే పని చేశాడు (అపొస్తలుల కార్యములు 18). అంటే మీలాగే సూదీ దారం తెలిసిన మనిషి. తృప్తిగా ఉన్నాను కదా అని సూది పక్కన పెట్టలేదు. పైగా "నేర్చుకొనియున్నాను" అన్నాడు, అది పుట్టుకతో రాలేదట ఆయనకి కూడా. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కాస్త ధైర్యం.

ఇక తలాంతుల ఉపమానం (మత్తయి 25). ప్రయాణమైన యజమాని ముగ్గురు దాసులకి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించి వెళ్తాడు. ఒకటి అందుకున్నవాడు దాన్ని గోతిలో దాచేస్తాడు. ఒక్క తలాంతు అంటే ఏదో చిల్లర అనుకుంటాం. అది 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. మన దగ్గర కూలి 500 వేసుకున్నా 30 లక్షలు! అంత సొమ్ము గోతిలో పెట్టినవాడు పైకి చూడ్డానికి మహా తృప్తిపరుడు. వ్యాపారానికి పోలేదు, లోను తీసుకోలేదు. కానీ యజమాని వచ్చినప్పుడు అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి? నువ్వు కఠినుడివి, విత్తని చోట కోసేవాడివి అని. భయపడ్డానన్నాడు సరే, ఆ భయం కింద ఎంత నిష్ఠూరం ఉందో చూడండి. ఆ గొయ్యి తవ్వింది తృప్తి కాదు, అలక. రెండు తలాంతులవాడిని చూడండి మరి. పక్కవాడికి ఐదెందుకిచ్చావని అడగలేదు. తన రెండూ పట్టుకుని బజారుకి పోయాడు. చివర్లో ఐదు తలాంతులవాడికి దక్కిన మెప్పే ఇతనికీ దక్కింది, మాటల్లో కూడా తేడా లేదు. 21, 23 వచనాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఈ అలక సంగతి నాకు బాగా తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి నా 40 సెంట్ల తోటలో ఉన్న 28 కొబ్బరి చెట్లలో 19 కూలిపోయాయి. గట్టుకి అవతల తమ్ముడి చెక్కలో మూడంటే మూడే. ఎవరు పలకరించినా "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అనేవాడిని. సంఘంలో అందరూ నా భక్తిని మెచ్చుకున్నారు. నిజానికి నేను తోట మొహం చూడటమే మానేశాను. మాస్టారి జీతం ఉంది, గడిచిపోయింది. పడిన మొద్దులు కూడా తీయించలేదు. కొబ్బరి తోట ఉన్నవాళ్లకి తెలుసు, కుళ్లిన మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. రెండేళ్లకి నా తొమ్మిది చెట్లకీ కొత్తగా విచ్చుకున్న మట్టలు కత్తెర పెట్టి కత్తిరించినట్టు కనిపించాయి. మొవ్వు తొలిచేసింది పురుగు. తమ్ముడి చెట్లకీ పాకింది. వాడు ఒక్క మాట అనలేదు. మా ఆవిడ అంది: "మిగిలిన తొమ్మిదీ ఏం పాపం చేశాయండీ?"

మర్నాడు మొద్దులు తీయించాం. ఆవిడే కంద దుంపలు తెచ్చి చెట్ల మధ్య పెట్టించింది, తర్వాత అరటి. నేను చేసిందల్లా నీళ్లు పెట్టడం.

మీ లోను గురించి. తీసుకోవడం పాపమూ కాదు, పుణ్యమూ కాదు, అది లెక్క. క్రిస్మస్, సంక్రాంతి నెలల రాబడి చూసి కిస్తీ ఒప్పుకోకండి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఎన్ని జాకెట్లు వస్తాయో వేసుకుని, ఆ డబ్బుతో కట్టగలిగితేనే తీసుకోండి. అప్పులవాళ్లు కొడుకుల్ని పట్టుకుపోతామంటే ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త అడిగింది, నీ ఇంట్లో ఏముంది అని (రెండవ రాజులు 4). మీ ఇంట్లో తొక్కుడు మిషను ఉంది. దానికే మోటారు బిగించుకోవచ్చు, కొత్త మిషనుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ముందు మెకానిక్‌ని పిలిచి చూపించండి.

చెల్లెలి గురించి ఒక్క మాటే. ఆవిడ అక్కడ పడే కష్టం తలుచుకుని తృప్తి పడమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను. అక్కాచెల్లెళ్ల మధ్య అదేం తృప్తి? ఈసారి సెలవుకి వచ్చినప్పుడు కొలతలు తీసుకుని ఒక జాకెట్టు కుట్టివ్వండి.

ప్రశ్న: మా సంఘంలో స్త్రీలు వంటకి ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెస్తారు. మేము తినేది రేషను బియ్యం. అందరూ సన్నబియ్యం తెస్తుంటే నాకు సిగ్గుగా ఉంటోంది. కొని తేవాలా?

జవాబు: వద్దమ్మా. ఆ పిడికెడు మీ పొయ్యి మీద ఉడకాల్సిన దాంట్లోంచి తీసింది. కొట్లో కొని తెస్తే అది మీ ఇంటి పిడికెడు ఎలా అవుతుంది? రాళ్లుంటే మాత్రం ఏరి తీసుకెళ్లండి. మా సంఘంలో ఆ బియ్యం వేలం వేస్తారు. పోయిన నెల అన్ని రకాలూ కలిసిపోయిన బస్తాని పాడుకుంది నేనే. అన్నం కొంచెం పలుకుగా, కొంచెం మెత్తగా వస్తోంది. మా ఆవిడ గంజి కాస్తే మాత్రం బావుంటోంది.